తీగ మారిస్తే బేస్ మారుతుందా?
సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బేస్ గిటార్ తీగల గురించే. ఏ గిటార్ కొనాలి, ఏ ఆంప్ కొనాలి అని అడిగేవాళ్లు తగ్గి, ఉన్న గిటార్ మీద ఏ తీగ వేయాలని అడిగేవాళ్లు పెరగడం నాకు సంతోషమే. ఖరీదైన గిటార్ మీద తుప్పు పట్టిన తీగలతో కాలక్షేపం చేసేవాళ్లనీ, మామూలు గిటార్ మీద సరైన తీగలు వేసి హాయిగా వాయించేవాళ్లనీ చూస్తూనే ఉన్నాం. విడివిడిగా జవాబులు రాస్తే చెప్పిందే చెప్పాల్సి వస్తుంది కాబట్టి అన్నీ ఒకచోట చేర్చాను.

చర్చిలో బేస్ వాయిస్తాను. తీగలు కొందామని వెళితే షాపులో మూడు ప్యాకెట్లు ముందు పెట్టారు: స్టెయిన్‌లెస్ స్టీల్, నికెల్ ప్లేటెడ్, ప్యూర్ నికెల్. మందం ఒకటే, ధరలు వేరు. వీటిలో తేడా ఏమిటి? నేను ఏది తీసుకోవాలి సార్?
- ఒక పాఠకుడు, విజయవాడ

ప్యాకెట్ మీద రాసేది పైచుట్టు లోహం పేరు మాత్రమే. లోపల నడిమధ్యన ఉండే సన్నటి తీగ, అంటే కోర్, మూడింటిలోనూ ఉక్కే. దాని మీద ఇంకో తీగను సందు లేకుండా చుట్టుకుంటూ పోతారు. లావు తీగలకైతే రెండు మూడు పొరలు పడతాయి. మీ వేలికి తగిలేదీ, ఫ్రెట్‌ను రాసుకునేదీ ఆ పై పొరే.

అసలు ఈ చుట్టడం దేనికో ముందు తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. బేస్‌లో అన్నిటికన్నా కింది ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మామూలు బేస్‌లో నట్ నుంచి బ్రిడ్జి దాకా 34 అంగుళాలు. ఇంత పొడవు తీగను 18 కిలోల బిగువుతో లాగి కట్టి, అంత కింది స్వరం పలికించాలంటే దానికి తగినంత బరువుండాలి. చుట్టు లేకుండా ఒట్టి ఉక్కుతో ఆ బరువు తేవాలంటే దాదాపు 2.4 మిల్లీమీటర్ల మందం కావాలి. దాన్ని తీగ అనరు, చువ్వ అంటారు. అది వేలికి లొంగదు. లొంగినా శబ్దం బాగుండదు. ఏ తీగైనా అసలు స్వరంతో పాటు దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్లుగా పై స్వరాలు కూడా పలుకుతుంది. వాద్యకారులు వీటిని హార్మోనిక్స్ అంటారు. తీగ బిరుసుగా ఉంటే ఇవి ఉండాల్సిన చోటు కన్నా పైకి జరిగి అపశ్రుతిగా మోగుతాయి. సన్నటి కోర్ మీద తీగ చుడితే బరువు పెరుగుతుంది, వంగే గుణం మాత్రం పోదు. బేస్ తీగ రహస్యమంతా ఇదే.

ఇప్పుడు మీ మూడు ప్యాకెట్లు. స్టెయిన్‌లెస్ స్టీల్ గట్టి లోహం. పై హార్మోనిక్స్‌ను ఎక్కువసేపు నిలబెడుతుంది కాబట్టి శబ్దం కంచులా ఖంగుమంటుంది. చెయ్యి జరిపినప్పుడు కీచుమనే చప్పుడూ ఎక్కువే, ఫ్రెట్లను తినేయడమూ ఎక్కువే. నికెల్ ప్లేటెడ్ అంటే పైచుట్టు కూడా ఉక్కే, దాని మీద నికెల్ పూత ఉంటుంది. వేలికి నునుపుగా ఉంటుంది, ఖంగుమనడం ఒక మెట్టు తగ్గుతుంది. ప్యూర్ నికెల్లో పైచుట్టు మొత్తం నికెలే. బేస్ పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ. ఎదుట ఇనుప గుణమున్న తీగ కదిలితేనే దానికి వినపడుతుంది. నికెల్‌ను కూడా అయస్కాంతం లాగుతుంది గానీ ఇనుమంత బలంగా కాదు. అందుకే ప్యూర్ నికెల్ తీగల్లో శబ్దం కొద్దిగా తగ్గుతుంది, పై అంచులు మెత్తబడతాయి, మధ్య భాగం ముందుకు వస్తుంది.

చర్చిలో కీబోర్డు, డ్రమ్స్, పాడేవాళ్లు అందరూ ఉంటారు కాబట్టి నికెల్ ప్లేటెడ్ తీసుకోండి. అయితే ఒక మాట. శబ్దాన్ని మార్చే విషయాల్లో లోహానిది మూడో స్థానం. మొదటిది పైచుట్టు ఆకారం, రెండోది తీగ వయసు. వాడి పారేయాల్సిన స్టెయిన్‌లెస్ తీగ కన్నా నిన్న వేసిన ప్యూర్ నికెల్ తీగే ఎక్కువ ఖంగుమంటుంది.

మోటౌన్ పాటలంటే ప్రాణం. జేమ్స్ జేమర్సన్ శబ్దం కావాలని ఫ్లాట్‌వౌండ్ తీగలు తెప్పించి వేశాను. మెత్తగా, బొద్దుగా వస్తుందనుకుంటే గణగణమంటోంది. నాకు నకిలీ సరుకు అంటగట్టారా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

నకిలీ కాదు, కొత్తవి. అంతే.

పైచుట్టుకు గుండ్రటి తీగ వాడితే రౌండ్‌వౌండ్, బద్దలా చదునుగా ఉన్నది వాడితే ఫ్లాట్‌వౌండ్. నులక మంచం మీదా, నవారు మంచం మీదా చెయ్యి ఆడించి చూస్తే ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. మొదటిదాని మీద వరసగా గట్లు, మధ్యలో సందులు. రెండోది నున్నన. చదును చుట్టులో బద్దలు ఒకదానికొకటి అంచులు ఆనించుకుని కూర్చుంటాయి కాబట్టి తీగ కొంచెం బిగదీసుకుని ఉంటుంది. పై హార్మోనిక్స్ త్వరగా అణిగిపోయి, అసలు స్వరం మిగులుతుంది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే, బజారులో దొరికే ఫ్లాట్‌వౌండ్లలో చాలా వాటి బద్ద స్టెయిన్‌లెస్ స్టీలే. పై ఉత్తరంలో ఖంగుమంటుందని చెప్పిన లోహమే ఇక్కడ మెత్తటి శబ్దమిస్తోంది. ఆకారానిదే పెద్దపీట అని నేననడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇక జేమర్సన్ సంగతి. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో ఆయన వాయించింది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్. దాని మీద లా బెల్లా వారి లావు ఫ్లాట్‌వౌండ్లు, 52 నుంచి 110 దాకా. అంటే సన్న తీగ అంగుళంలో వెయ్యో వంతులు 52, లావు తీగ 110. ఇప్పుడు మనం మామూలుగా వాడే 45 - 105 కన్నా బరువు. తీగ తెగితే తప్ప మార్చేవాడు కాదు. ఏళ్ల తరబడి చెమట, జిడ్డు పట్టిన తీగలవి. బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క తీగలకు ఆనుకుని ఉండేది. తీగలు బోర్డుకు బాగా ఎత్తుగా ఉండేవి. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే వాయించేవాడు. ఆయన మొదట నిలువు బేస్ విద్వాంసుడు, ఆ అలవాటు చేతిలో ఉండిపోయింది. మైకు పెట్టకుండా నేరుగా రికార్డింగ్ బల్లకే లైను కలిపేవారు. మీరు కొన్నది ఈ జాబితాలో ఒక్క అంశమే.

మిగతావి ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత్రలు తోమే స్పాంజిని రెండు వేళ్ల వెడల్పున కోసి, బ్రిడ్జి దగ్గర తీగల కింద దూర్చండి. మరీ బిగించకండి, స్వరం పలికి వెంటనే ఆగిపోయేంత చాలు. టోన్ నాబ్ సగానికి పైగా తగ్గించండి. మెడ మొదలయ్యే చోట ఒక్క వేలితో వాయించండి. ఈ సాయంత్రమే ముప్పాతిక వంతు దారి నడిచేస్తారు. మిగిలిన పావు వంతు తీగలు పాతబడితేనే వస్తుంది. కొన్ని నెలలు ఓపిక పట్టండి, తుడవకండి కూడా.

ఫ్లాట్‌వౌండ్ అంటే మెత్తని శబ్దమే అనుకోవడం కూడా పొరపాటే. ఐరన్ మెయిడెన్ బ్యాండు స్టీవ్ హారిస్ వాయించేది రోటోసౌండ్ ఫ్లాట్‌వౌండ్లే. గుర్రపు డెక్కల్లా టకటకమంటూ పరిగెత్తే ఆ శబ్దం విని ఎవరూ నమ్మరు. ఆయన తీగలను పాతబడనివ్వడు, వేళ్లతో ఫ్రెట్ల మీదికి గట్టిగా కొడతాడు. ఒకే జాతి తీగ, చెయ్యి వేరు, వయసు వేరు.

నేను వాయించను, వింటాను. రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. 1960ల తొలి రోజుల ఇంగ్లిష్ పాటల్లో బేస్ ఎక్కడో అడుగున దుమ్‌దుమ్‌మంటుంది. 1970లు వచ్చేసరికి అదే వాద్యం గలగలా మాట్లాడుతుంది. రికార్డింగ్ యంత్రాలు మెరుగుపడ్డాయా, వాద్యమే మారిందా?
- ఒక పాఠకుడు, గుంటూరు

యంత్రాలు మెరుగుపడ్డ మాట నిజమే గానీ మీ చెవి పట్టుకున్నది చాలావరకు తీగ మార్పునే.

ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌ను 1951లో బయటికి తెచ్చింది. మోయలేని నిలువు బేస్‌కు బదులుగా భుజాన వేసుకునే వాద్యం కావాలన్నది దాని ఉద్దేశం. కాబట్టి శబ్దం కూడా నిలువు బేస్‌కు దగ్గరగా ఉండాలనే కోరుకున్నారు. అందరూ ఫ్లాట్‌వౌండ్లే వేశారు. బీటిల్స్ తొలి పాటల్లో పాల్ మకార్ట్‌నీ హాఫ్‌నర్ బేస్ బొద్దుగా పలకడానికి ఒక కారణం అదే.

మార్పు తెచ్చినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది ది హూ బ్యాండు బేసిస్టు జాన్ ఎంట్విజిల్ పేరు. ఆయనకు బేస్ అడుగున ఉండటం ఇష్టం లేదు, పియానో కింది స్వరాల్లా ఖంగుమని మోగాలి. సన్న తీగలుండే డాన్‌ఎలెక్ట్రో బేస్ మీద మై జనరేషన్ పాట రికార్డు చేయబోతే తీగలు తెగాయి. ఇంగ్లండులో ఆ తీగలు విడిగా దొరక్క మళ్లీ గిటారే కొనుక్కోవాల్సి వచ్చిందని ఆయనే చెప్పుకునేవాడు. 1966లో రోటోసౌండ్ అధిపతి జేమ్స్ హౌతో కలిసి కూర్చుని, స్టెయిన్‌లెస్ స్టీల్ రౌండ్‌వౌండ్ సెట్టు తయారుచేయించాడు. స్వింగ్ బేస్ పేరుతో అది ఇప్పటికీ అమ్ముడుపోతోంది. యెస్ బ్యాండు క్రిస్ స్క్వైర్, రష్ బ్యాండు గెడ్డీ లీ ఆ శబ్దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. బొటనవేలితో కొట్టి, పక్క వేలితో లాగి వదిలే స్లాప్ వాయింపు ఇంత పాకడానికి కూడా రౌండ్‌వౌండ్ తోడ్పాటు చాలా ఉంది. ఫ్లాట్‌వౌండ్ మీద స్లాప్ చేయొచ్చు, చప్పుడు మాత్రం చెక్క మీద కొట్టినట్టుంటుంది.

మీరు వాయించనన్నారు కాబట్టి వినడానికి ఒక పని చెబుతాను. ఇళయరాజా తెలుగులో చేసిన 1980ల పాటలు మంచి హెడ్‌ఫోన్లతో వినండి. పల్లవిని గాయకుడు పాడుతుంటే అడుగున బేస్ తన పాట తాను పాడుకుంటుంది. ఆ వరస అంత స్పష్టంగా వినపడటానికి రచన ఎంత కారణమో, బేస్ హార్మోనిక్స్ మీ హెడ్‌ఫోన్ల దాకా చేరడమూ అంతే కారణం. అదే పాటను చిన్న రేడియోలో వింటే అసలు స్వరం దాదాపుగా రాదు. హార్మోనిక్స్ విని మన మెదడే అడుగు స్వరాన్ని పూరించుకుంటుంది.

మాది బీచి రోడ్డుకు దగ్గర. ఏ తీగ వేసినా నెల తిరిగేసరికి చచ్చిపోతోంది, చుక్కలు చుక్కలుగా తుప్పు. నీళ్లలో మరగబెడితే కొత్తవాటిలా అవుతాయని ఒక అన్న చెప్పాడు. నిజమేనా? లేక స్టెయిన్‌లెస్‌కు మారమంటారా?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

తీగ చావడమంటే ఏమిటో చెబుతాను. రౌండ్‌వౌండ్ గట్ల మధ్య సందుల్లోకి చెమట, చర్మపు పొట్టు, జిడ్డు చేరతాయి. చుట్లు ఒకదానికొకటి రాసుకుంటూ స్వేచ్ఛగా కదలాల్సిన చోట ఈ మట్టి అడ్డుపడి, కంపనాన్ని మింగేస్తుంది. ముందుగా పోయేవి పై హార్మోనిక్స్. అడుగు స్వరం దాదాపు అలాగే ఉంటుంది. అందుకే చచ్చిన తీగ పెద్దగానే మోగుతుంది గానీ మాట స్పష్టంగా ఉండదు. మట్టి అన్నిచోట్లా సమంగా పట్టదు కాబట్టి తీగ బరువు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. అప్పుడు ట్యూనర్ సరిగ్గా చూపించినా పై ఫ్రెట్లలో శ్రుతి కుదరదు. మీ ఊళ్లో వీటన్నిటికీ సముద్రపు ఉప్పు గాలి తోడు.

మరగబెట్టడం నిజమే, పనిచేస్తుంది. పది నిమిషాల్లో జిడ్డు వదులుతుంది, శబ్దం తిరిగొస్తుంది. కానీ కొద్దిరోజులే. సందుల్లో మిగిలిన తడి లోపలి ఉక్కు కోర్‌ను తినడం మొదలుపెడుతుంది. తీగను విప్పి మళ్లీ బిగించిన ప్రతిసారీ ట్యూనర్ దగ్గరి మలుపు నీరసపడుతుంది. అంతకన్నా మంచిది స్పిరిట్. మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను మూత ఉన్న పొడుగాటి గొట్టంలో పోసి, తీగలను రాత్రంతా నానబెట్టి, పొద్దున గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. స్పిరిట్ త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి తడి మిగలదు. పొయ్యికీ, దీపానికీ దూరంగా, కిటికీ తెరిచి చేయండి. పాలిమర్ పూత ఉన్న తీగలకు ఈ రెండు వైద్యాలూ వద్దు.

స్టెయిన్‌లెస్‌కు మారితే తుప్పు చుక్కలు తగ్గుతాయి. పూర్తిగా పోతాయని మాత్రం అనుకోకండి. తీగలకు వాడే స్టెయిన్‌లెస్ అయస్కాంతానికి అంటుకునే రకమై ఉండాలి, లేకపోతే పికప్‌కు సరిగ్గా వినపడదు. మన వంటింటి గిన్నెల్లో అయస్కాంతం అంటుకోని రకం ఒకటుంది చూడండి, ఉప్పుకు అదే బాగా ఓరుస్తుంది. తీగల రకం అంత ఓర్చుకోలేదు. అదీగాక తుప్పు రాకపోయినా సందుల్లో మట్టి చేరడం ఆగదుగా.

మీ పరిస్థితిలో నాకు నచ్చేవి రెండు దారులు. ఒకటి, పూత తీగలు. గోర్ కంపెనీ వారి ఎలిక్సిర్ లాంటివి. సందుల మీద పల్చటి పాలిమర్ పొర ఉంటుంది, మట్టి లోపలికి పోదు. కొత్తలో ఖంగుమనడం పిసరంత తక్కువ, వేలికి జారుడుగా ఉంటుంది, ధర ఎక్కువ. అయినా మీకు లెక్క కలిసొస్తుంది. రెండోది, మీరు వాయించే సంగీతానికి సరిపోతే ఫ్లాట్‌వౌండ్. సందులే లేవు కాబట్టి ఏళ్లు వస్తుంది. ఏదైనా సరే, వాయించే ముందు చేతులు కడుక్కోవడం, తర్వాత ప్రతి తీగ అడుగు వైపు కూడా గుడ్డతో తుడవడం, గిటార్‌ను స్టాండు మీద వదలకుండా కేసులో సిలికా జెల్ పొట్లాలతో పెట్టడం తప్పదు. పొట్లాలు తేమ పీల్చేశాక మార్చండి. అదేదో తాయెత్తులా ఏళ్ల తరబడి కేసులోనే ఉంచేసేవాళ్లున్నారు.

బేస్ వాయించిన మర్నాడు వేళ్లు ఎర్రబడి దురద పెడుతున్నాయి. తీగల వల్లనేనా?
- ఒక పాఠకురాలు, కర్నూలు

కావచ్చునమ్మా. నికెల్ పడనివాళ్లు చాలామందే ఉంటారు. చవక చెవిపోగులు, గడియారం పట్టీ దగ్గర కూడా మీకు దురద వస్తుంటే అనుమానం బలపడుతుంది. చర్మ వైద్యులకు చూపించి నిర్ధారించుకోండి. ఈలోగా నికెల్ ప్లేటెడ్, ప్యూర్ నికెల్ రెండూ తీసేసి, నైలాన్ టేప్ చుట్టిన తీగలు వేయండి. మీకు ఖంగుమనే శబ్దమే కావాలంటే స్టెయిన్‌లెస్ వేసి చూడొచ్చు. అయితే ఫ్రెట్లలో కూడా సాధారణంగా నికెల్ ఉంటుందని గుర్తుంచుకోండి.

ఫ్రెట్‌లెస్ బేస్ కొన్నాను, ఎబొనీ బోర్డు. జాకో పాస్టోరియస్‌లా పాడించాలంటే రౌండ్‌వౌండే వేయాలంటారు, రౌండ్‌వౌండ్ వేస్తే బోర్డు పాడవుతుందంటారు. ఎవరి మాట వినాలి?
- ఒక తెలుగు పాఠకుడు, డాలస్

ఇద్దరి మాటా నిజమే. ఫ్రెట్‌లెస్‌లో తీగ నేరుగా చెక్కకు ఆనుతుంది. వేలు ఊగించినప్పుడల్లా రౌండ్‌వౌండ్ గట్లు ఆకురాయిలా పనిచేస్తాయి. స్టెయిన్‌లెస్ అయితే మరీను. జాకో వాడింది రోటోసౌండ్ రౌండ్‌వౌండ్లే. అందుకే ఆయన తన జాజ్ బేస్ బోర్డు మీద పడవలకు పూసే ఎపాక్సీ పొరలు పొరలుగా వేసుకున్నాడు. ఆ గట్టి పొర చెక్కను కాపాడటమే కాదు, ఆ పాడే గుణానికీ తోడ్పడింది. అంటే 1976 నాటి ఆయన తొలి ఆల్బంలో మనం వినేది తీగ, బోర్డు కలిసి చేసిన శబ్దం.

ఎబొనీ గట్టి చెక్క కాబట్టి నికెల్ రౌండ్‌వౌండ్‌ను కొన్నేళ్లు భరిస్తుంది. గాట్లు పడితే బోర్డును మళ్లీ చదును చేయించుకోవాలి, అది ఎన్నిసార్లో చేయించగలిగే పని కాదు. వేళ్లు నిలదొక్కుకునేదాకా, అంటే చూడకుండా శ్రుతి పట్టగలిగేదాకా, ఫ్లాట్‌వౌండ్ లేదా నైలాన్ టేప్ తీగలు వేసుకోండి. గమకం వాయిస్తే చెయ్యి జారిన కీచు శబ్దం కూడా రాదు. నాకైతే మన సంగీతం ఫ్రెట్‌లెస్ మీద వాయించేవాళ్లకు ఫ్లాట్‌వౌండే బాగుంటుందనిపిస్తుంది. ఇది రుచి సంగతి, వాదనకు రాను.

అకౌస్టిక్ గిటార్ తీగల్లా బంగారు రంగులో ఉండే బ్రాంజ్ బేస్ తీగలు చవగ్గా దొరికాయి. ఎలక్ట్రిక్ బేస్‌కు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, తిరుపతి

వేయొచ్చు గానీ లాభం లేదు. బ్రాంజ్‌ను అయస్కాంతం లాగదు. పికప్‌కు లోపలి సన్నటి ఉక్కు కోర్ ఒక్కటే కనిపిస్తుంది. శబ్దం బలహీనంగా, తీగకూ తీగకూ హెచ్చుతగ్గులుగా వస్తుంది. అవి డొల్ల ఒళ్లున్న అకౌస్టిక్ బేస్‌కు. అక్కడ వినేది చెవో, మైకో, కంపనాన్ని నేరుగా పట్టే పియెజో పికప్పో కాబట్టి ఏ లోహమైనా ఫరవాలేదు.

మా అమ్మగారు వీణ వాయిస్తారు. నేను బేస్ నేర్చుకుంటున్నాను. వీణలో సారణి, పంచమం తీగలు ఒట్టి ఉక్కువి, మంద్రం, అనుమంద్రానికే చుట్టు ఉంటుంది. బేస్‌లో నాలుగిటికీ చుట్టు ఎందుకు? జి తీగనైనా ఒట్టి ఉక్కుతో చేయకూడదా?
- ఒక పాఠకురాలు, వరంగల్

మంచి ప్రశ్న. అమ్మగారికి నా నమస్కారం చెప్పండి.

రెండు వాద్యాల్లో సూత్రం ఒక్కటే. స్వరం కిందికి దిగేకొద్దీ బరువు కావాలి, బరువు పెరిగేకొద్దీ బిరుసు పెరుగుతుంది, బిరుసు భరించలేనంత అయిన చోట చుట్టు మొదలవుతుంది. సారణి శ్రుతి బేస్ జి తీగ కన్నా చాలా పైన ఉంటుంది, కాబట్టి సన్నటి ఉక్కు చాలు. బేస్ జి తీగ 98 హెర్ట్జ్. దాన్ని 34 అంగుళాల పొడవులో మామూలు బిగువుతో ఒట్టి ఉక్కుతో చేయాలంటే మిల్లీమీటరు మందం వస్తుంది. వాయించలేనిదేమీ కాదు, కానీ దాని బిరుసు వల్ల హార్మోనిక్స్ పక్కకు జరుగుతాయి. పక్కనున్న చుట్టు తీగలతో శబ్దం కలవదు. తంబురాలో కింది షడ్జానికి ఇత్తడి లేదా కంచు తీగ వేయడంలో కూడా ఇదే ఆలోచన ఉంది. ఆ లోహాలు ఉక్కు కన్నా బరువు, పైగా మెత్తన. అందుకే చుట్టు లేకుండానే కిందికి దిగగలవు. బేస్ పికప్‌కు ఇత్తడి పనికిరాదు కాబట్టి మనకు ఆ దారి మూసుకుపోయింది. పియెజో పికప్ ఉన్న వీణకు ఈ ఇబ్బందే లేదు.

అమ్మగారి వీణ తీగలు మీ బేస్ మీద ప్రయోగం చేయకండి. వాటి మందం, పొడవు, బిగువు అన్నీ వేరే లెక్క. తెగి కంటికి తగిలితే ప్రమాదం.

ఐదు తీగల బేస్ కొన్నాను. కింది బి తీగ వదులుగా ఊగుతోంది, స్వరం ముద్దగా ఉంది. ఏ లోహం తీగ వేస్తే బాగుపడుతుంది?
- ఒక పాఠకుడు, నెల్లూరు

లోహంతో ఇది తేలదు. బి తీగ సుమారు 31 హెర్ట్జ్. 34 అంగుళాల పొడవులో దాన్ని బిగువుగా ఉంచాలంటే మందం పెంచాలి, మందం పెంచితే బిరుసు పెరిగి ముద్దగా మోగుతుంది. ఈ చిక్కుముడి విప్పడానికే కొందరు తయారీదారులు 35 అంగుళాల బేస్ చేస్తున్నారు. మీ గిటార్ మార్చకుండా చేయగలిగేది రెండు పనులు. ప్రస్తుతం 125 ఉంటే 130కి వెళ్లి చూడండి. లేదా టేపర్ తీగ కొనండి. అందులో పై చుట్లు బ్రిడ్జికి కాస్త ముందే ఆగిపోతాయి, బ్రిడ్జి మీద సన్నటి భాగమే కూర్చుంటుంది. తీగ అక్కడ తేలిగ్గా వంగుతుంది కాబట్టి హార్మోనిక్స్ సర్దుకుని, స్వరం స్పష్టపడుతుంది. ఇవేవీ కాకముందు తీగను బ్రిడ్జి దగ్గర వేలితో ఒకసారి కిందికి నొక్కి చూడండి. కొత్త లావు తీగ అక్కడ సరిగ్గా వంగక విల్లులా ఉండిపోతుంది. సగం ఫిర్యాదులు ఆ ఒక్క నొక్కుతోనే తీరిపోతాయి.

యుకులేలి సైజులో ఉన్న చిన్న బేస్ చూశాను. తీగలు రబ్బరు తాళ్లలా ఉన్నాయి. అది ఆట వస్తువా?
- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

కాదు. కాలా కంపెనీ వారి యూ-బేస్ లాంటిది చూసి ఉంటారు. తీగ పొడవు దాదాపు 20 అంగుళాలే. అంత పొట్టి తీగ 41 హెర్ట్జ్ పలకాలంటే బాగా లావుగా, బాగా వదులుగా, అయినా మెత్తగా ఉండాలి. అందుకే పాలీయూరిథేన్. అయస్కాంత పికప్‌కు అది గాలితో సమానం, కాబట్టి బ్రిడ్జి కింద పియెజో ఉంటుంది. శబ్దం నిలువు బేస్‌కు ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉంటుంది. నిలువు బేస్‌కు పూర్వం వేసిన జంతువుల పేగుల తీగలు కూడా ఇలాగే మెత్తగా, త్వరగా అణిగే స్వరం ఇచ్చేవి. కాకపోతే శ్రుతి కుదురుకునేదాకా కొత్త తీగలు సాగుతూనే ఉంటాయి. కచేరీ రోజున మార్చకండి.

రౌండ్‌వౌండ్ తీసేసి ఫ్లాట్‌వౌండ్ వేయాలనుకుంటున్నాను. నేనే మార్చుకోవచ్చా, మెకానిక్‌కు ఇవ్వాలా?
- ఒక పాఠకుడు, బెంగళూరు

మీరే మార్చుకోవచ్చు, కొంచెం నిదానంగా. మామూలు సెట్టు నాలుగు తీగలూ కలిపి మెడను 75 - 80 కిలోల బలంతో లాగుతుంటాయి. ఫ్లాట్‌వౌండ్లు సాధారణంగా అంతకన్నా బిగువు. థోమస్టిక్ జాజ్ ఫ్లాట్స్ లాంటి తక్కువ బిగువువీ ఉన్నాయి కాబట్టి ప్యాకెట్ మీద అంకె చూడండి. నాలుగు తీగలూ ఒకేసారి విప్పేయకుండా ఒక్కొక్కటి మారుస్తూ పోతే మెడ మీద భారం ఒక్కసారిగా తగ్గదు. కొత్త తీగ లావుగా ఉండి నట్ గాడిలో పట్టకపోతే బలవంతంగా దూర్చకండి. గాడిని సన్న ఆకురాయితో వెడల్పు చేయించాలి, ఆ ఒక్క పనికి మాత్రం మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ఎక్కువ పొడవును కత్తిరించేటప్పుడు ముందు తీగను ట్యూనర్ దగ్గర గట్టిగా మడత పెట్టి, ఆ మడతకు అవతల కత్తిరించండి. కోర్ గుండ్రటిదైతే మడత లేకుండా కత్తిరించిన మరుక్షణం పైచుట్టు వదులైపోతుంది, తీగ పుట్టుకతోనే చస్తుంది. ఆరు పలకల కోర్ అయితే చుట్టు అంచులను పట్టుకుని ఉంటుంది గానీ మడత అలవాటు చేసుకోవడం మంచిదే. లావు ఫ్లాట్‌వౌండ్‌ను ట్యూనర్‌కు చుట్టేటప్పుడు పట్టుదారం అల్లిన సన్న భాగమే వంగాలి, చదును బద్ద వంగితే విచ్చుకుంటుంది.

వేశాక ఒక రోజు అలా వదిలేయండి. మెడ కొత్త భారానికి సర్దుకున్నాక చూడండి. ముందుకు వంగితే ట్రస్ రాడ్‌ను పావు చుట్టు, అంతకన్నా వద్దు, బిగించి మళ్లీ ఒక రోజు ఆగండి. ఆ తర్వాతే పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి చూసుకుని బ్రిడ్జి శాడిల్స్ జరపండి. తీసేసిన రౌండ్‌వౌండ్లు పారేయకుండా చుట్టి కవరులో పెట్టుకోండి. ఫ్లాట్‌వౌండ్ నచ్చదని తేలడానికి వారం పట్టొచ్చు, నచ్చిందని తేలడానికి నెలలు పట్టొచ్చు.